నల్గొండ కిరాణా బిల్లు మీద క్యాష్‌బ్యాక్: చేతికి నిజంగా మిగిలేది ఎంత?

అడిగిన చెల్లెమ్మ సంగతి క్లుప్తంగా ఇది. నల్గొండలో ప్రభుత్వ బడి టీచర్. భర్తకు సెల్‌ఫోన్ రిపేర్ దుకాణం. ఇంట్లో ఐదుగురు, నెలకు సరుకుల ఖర్చు 11 వేలు. సూపర్ మార్కెట్ గుమ్మం దగ్గర టేబుల్ వేసుకుని కూర్చున్న ఏజెంటు "మేడం, ఈ కార్డుతో 5 శాతం వాపస్ వస్తది" అన్నాడట. హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడు తనకైతే 10 శాతం వస్తోందన్నాడట. వాళ్ల నాయన మాత్రం "బ్యాంకోడు ఊకె ఎందుకిస్తడు బిడ్డా?" అని ఒకే మాట అడిగాడట. కార్డు తీసుకోవాలా, వద్దా?

చెల్లెమ్మా, ముగ్గురిలో సరైన ప్రశ్న వేసింది మీ నాయనే. ముందు దానికి జవాబు చెప్తాను, మిగతావి దాని వెంటే వస్తాయి.

నేను మహబూబ్‌నగర్‌లో ఒక సూపర్ మార్కెట్‌లో తొమ్మిదేళ్లు లెక్కలు చూశాను. స్వైపింగ్ మిషన్ మీద ఎంత గీకారు, మర్నాడు ఖాతాలో ఎంత పడింది, మధ్యలో బ్యాంకు ఎంత కోసుకుంది అని రోజూ సరిచూడడమే నా పని. సొంతానికి 2012 నుంచి కార్డు వాడుతున్నాను. కాబట్టి కౌంటరుకు రెండు వైపులా నిలబడి చూసిన లెక్క ఇది.

మా దగ్గర ఎవరైనా క్రెడిట్ కార్డుతో 1,000 రూపాయల సామాను కొంటే మాకు వచ్చేది 982 రూపాయల దాకా. పోయిన ఆ 18 రూపాయలను ఎండీఆర్ అంటారు. అందులో పెద్ద వాటా కార్డు ఇచ్చిన బ్యాంకుది. మిగిలింది మిషన్ ఇచ్చిన బ్యాంకు, వీసా, మాస్టర్‌కార్డ్, రూపే లాంటి నెట్‌వర్కులు పంచుకుంటాయి. బ్యాంకు తన వాటాలోంచి మీకు పది రూపాయలు ఇస్తే అదే ఒక శాతం క్యాష్‌బ్యాక్. అంటే మీకు వచ్చేది మొదట దుకాణదారు జేబులోంచి పోయిందే. ఆయన దాన్ని సరుకు రేటులో కలుపుకునే ఉంటాడు కాబట్టి, కొంత మీ జేబులోదే మీ దగ్గరికి తిరిగొచ్చిందన్నా తప్పు లేదు.

మరి 18 రూపాయలు వచ్చే చోట 50 ఎట్లా ఇస్తారు? కొంత ఆన్‌లైన్ కంపెనీ తన ప్రచారం ఖర్చు కింద భరిస్తుంది. కొంత వార్షిక రుసుముల నుంచి వస్తుంది. మిగతాది, అసలు పెద్దది, బిల్లు పూర్తిగా కట్టలేక వడ్డీ కట్టేవాళ్ల నుంచి వస్తుంది. మీ నాయనకు చెప్పండి, బ్యాంకోడు ఊకె ఇస్తలేడు, పక్కింటాయన కట్టే వడ్డీలోంచి మనకు ఇస్తున్నడు, ఏదో ఒక నెల మనమే ఆ పక్కింటాయన అవుతమని చూస్తున్నడు అని.

ఇప్పుడు మీ 11 వేల లెక్కకు వద్దాం. ఐదు శాతం అంటే నెలకు 550, ఏడాదికి 6,600 అని మీరు ఈపాటికే వేసుకుని ఉంటారు. అందరూ వేసేది అదే. కానీ మీరు పంపిన చిట్టీ చూడండి. బియ్యం 2,200, మిర్యాలగూడ మిల్లు నుంచి బస్తాలు తెప్పించుకుంటారు, నగదు. పాలు 2,100, పొద్దున్నే వాకిట్లో పోసిపోయే ఆయనకు నెలాఖరున చేతికి ఇస్తారు. కూరగాయలు 1,700, రైతు బజార్. ఆదివారం చికెన్, గుడ్లు 1,000. ఈ ఏడు వేల మీద ఏ కార్డూ గీకరు. మిగిలింది మంచినూనె, పప్పులు, చక్కెర, చాయ్‌పత్తి, సబ్బులు, సర్ఫు, పిల్లల బిస్కెట్లు. మొత్తం 4,000.

నాలుగు వేల మీద 5 శాతం అంటే 200. ఏడాదికి 2,400. ఏజెంటు చెప్పిన కార్డుకు వార్షిక రుసుము 999, దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 1,179. తీసేస్తే 1,221 మిగిలింది. నెలకు నూరు రూపాయలు. అది కూడా ప్రతి రూపాయికీ 5 శాతం వస్తేనే.

అదేమో రాదు. ఇలాంటి కార్డుల్లో ఎక్కువ వాటికి 5 శాతం ఆన్‌లైన్ కొనుగోళ్లకే. దుకాణంలో గీకితే ఒక శాతం. ఎస్‌బీఐ వారి క్యాష్‌బ్యాక్ కార్డు 2022లో వచ్చినప్పుడు పెట్టిన పద్ధతి ఇదే, ఆన్‌లైన్‌కు 5, దుకాణంలో 1. దాని రుసుము కూడా 999, ఏడాదిలో 2 లక్షలు ఖర్చు పెడితే మాఫీ. మీ ఏజెంటు ఏ బ్యాంకు కార్డు అమ్ముతున్నాడో మీరు రాయలేదు, కానీ ఒక్క పని చేయండి. అతను కూర్చున్న గుమ్మం లోపలి కౌంటరులోనే ఈ కార్డు గీకితే ఎంత వస్తుందని అడగండి. ఒక శాతం అంటాడు, లేకపోతే మాట మారుస్తాడు. ఒక శాతం చొప్పున మీ నాలుగు వేలకు వచ్చేది నెలకు 40. ఏడాదికి 480. రుసుము 1,179. అంటే ఏటా ఏడు వందలు మీరే బ్యాంకుకు ఎదురు కడుతున్నారు.

మీ తమ్ముడు చెప్పింది అబద్ధం కాదు. హెచ్‌ఎస్‌బీసీ లైవ్‌ప్లస్ అనే కార్డు సరుకులు, హోటల్ తిండి, ఫుడ్ డెలివరీ మీద 10 శాతం ఇస్తుంది, కాకపోతే అట్లా వాపస్ వచ్చేది బిల్లు నెలకు మొత్తం మీద 1,000 దాటదు. కానీ ఆ బ్యాంకు పెద్ద నగరాల బ్యాంకు. 508001 పిన్‌కోడ్‌కు కార్డు ఇస్తారో లేదో కనుక్కున్నాకే దరఖాస్తు పెట్టండి. ప్రతి దరఖాస్తుకూ మీ సిబిల్ రికార్డు, అంటే మీ అప్పుల చరిత్ర, తీసి చూస్తారు, ఆ చూసిన గుర్తు అందులో ఉండిపోతుంది. ఊరికే నాలుగు బ్యాంకుల్లో అర్జీ పెట్టి నాలుగు చోట్ల కాదనిపించుకుంటే, రేపు ఇంటి లోన్‌కు వెళ్లినప్పుడు మేనేజరు దాన్నే చూపించి అడుగుతాడు.

ఆన్‌లైన్‌లో కొంటే 5 శాతం వస్తుంది కదా అంటారా. అక్కడ ముందు రేటు చూడాలి. ప్రకాశం బజార్‌లో కందిపప్పు కిలో 140 ఉందనుకోండి, యాప్‌లో ప్యాకెట్ 165 ఉందనుకోండి. 165లో 5 శాతం పోతే 157. అయినా కిలోకు 17 రూపాయలు నష్టం. విడి సరుకులు, అంటే పప్పులు, చింతపండు, మిరపకాయలు, పల్లీలు, మన దగ్గర బజారులోనే చవక. పాలమూరు, నల్గొండ లాంటి చోట పల్లీలు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నామంటే నలుగురూ నవ్వుతారు. ఆన్‌లైన్‌లో నిజంగా కలిసొచ్చేవి ఎమ్మార్పీ అచ్చేసి ఉన్న కంపెనీ సరుకులు. సర్ఫు పెద్ద ప్యాకెట్, సబ్బుల కట్ట, చాయ్‌పత్తి కిలో, చిన్నపిల్లలుంటే డైపర్లు. వీటికి బజారులో పెద్దగా తగ్గింపు ఉండదు కాబట్టి 5 శాతం నికరంగా మిగులుతుంది. మీ నాలుగు వేలలో ఇలాంటివి పదిహేను వందలు ఉంటే గొప్ప.

పెద్ద కిరాణా హోల్‌సేల్ దుకాణాల్లో ఇంకో తిరకాసు. కార్డు తీయగానే "రెండు శాతం ఎక్స్‌ట్రా అయితది మేడం" అంటారు. బ్యాంకుతో వాళ్లు రాసుకున్న ఒప్పందం ప్రకారం అట్లా అడగకూడదు, అడుగుతారు. రెండు ఇచ్చి ఒకటి తెచ్చుకోవడం కన్నా నగదు ఇచ్చి, ఇంకో పది రూపాయలు తగ్గించమని బేరమాడడం మేలు. నగదుకు తగ్గించే దుకాణం దగ్గర ఎన్నడూ కార్డు తీయకండి. ఆ తగ్గింపే మీ క్యాష్‌బ్యాక్, అదీ అక్కడికక్కడే చేతికి.

కిరాణా కోడ్ సంగతి ఏజెంట్లు చెప్పరు, చాలామందికి వాళ్లకే తెలియదు. ప్రతి స్వైపింగ్ మిషన్‌కూ ఒక నాలుగంకెల వ్యాపార కోడ్ ఉంటుంది. సూపర్ మార్కెట్లు, కిరాణాలకు 5411. "సరుకుల మీద ఎక్కువ శాతం" ఇచ్చే కార్డు మీరు పప్పు కొన్నారా ఉప్పు కొన్నారా అని చూడదు, ఈ కోడ్ ఒక్కటే చూస్తుంది. మేం పనిచేసిన చోట రెండు కౌంటర్లకు రెండు మిషన్లు ఉండేవి. ఒకటి సూపర్ మార్కెట్ పేరు మీదిది. రెండోది యజమాని పక్కనే ఉన్న తన బట్టల దుకాణం కోసం తీసుకున్నది, రద్దీ ఎక్కువైతే ఇటు తెచ్చి పెట్టేవాడు. దాని కోడ్ 5651, బట్టల దుకాణానిది. మెట్టుగడ్డ నుంచి వచ్చే ఒక రిటైర్డ్ సారు రెండు నెలల స్టేట్‌మెంట్లు పట్టుకొచ్చి, "ఒకే దుకాణం, ఒకే రకం సామాను, ఒకసారి క్యాష్‌బ్యాక్ పడుతుంది, ఒకసారి పడదు, ఏం మాయ ఇది?" అని నా టేబుల్ ముందు కూర్చున్నారు. బిల్లులు పక్కన పెట్టి చూస్తే, పడనివన్నీ రెండో కౌంటరువి. ఆ రోజు నుంచి సారు క్యూ ఎంత పొడుగున్నా ఒకటో కౌంటరుకే వచ్చేవారు. మీరు కూడా కొత్త దుకాణంలో మొదటిసారి వంద, రెండొందల బిల్లు గీకి, స్టేట్‌మెంట్‌లో దేని కింద పడిందో చూసుకోండి. ఆ తర్వాతే నెల సామాను కొనండి.

ఇంటి పక్క కిరాణాలో కార్డు మిషన్ ఉండదు, క్యూఆర్ ఉంటుంది. దానికీ ఒక దారి ఉంది. 2022 సెప్టెంబర్ నుంచి రూపే క్రెడిట్ కార్డును యూపీఐ యాప్‌కు కలుపుకుని స్కాన్ చేయొచ్చు. వీసా, మాస్టర్‌కార్డ్‌లకు ఆ వీలు లేదు. కాబట్టి చిన్న ఊళ్లలో ఉండేవాళ్లు కార్డు తీసుకునేటప్పుడే రూపే కావాలని అడగడం మంచిది. రెండు మెలికలు గుర్తుంచుకోండి. దుకాణదారు పెట్టింది వ్యాపార క్యూఆర్ అయితేనే క్రెడిట్ కార్డు పనిచేస్తుంది. చాలామంది సొంత ఫోన్ నంబర్ క్యూఆర్‌నే అచ్చేయించి అంటిస్తారు, దానికి పోదు. ఇంకోటి, యూపీఐ ఖర్చు మీద కొన్ని బ్యాంకులు తక్కువ ఇస్తాయి, కొన్ని అసలే ఇవ్వవు. షరతుల కాగితంలో యూపీఐ అన్న మాట ఎక్కడుందో వెతికి ఆ వాక్యం రెండుసార్లు చదవండి. దుకాణదారుకు నష్టమేమో అని మొహమాటపడకండి. చిన్న వ్యాపారులకు 2,000 రూపాయల వరకు ఇట్లా స్కాన్ చేసినదాని మీద ఎండీఆర్ లేదు. ఆయనకు తెలియక "క్రెడిట్ కార్డు వద్దమ్మా" అంటే ఈ ముక్క చెప్పండి.

ఆ కిరాణా ఆయన గురించి ఒక మాట, అడగకపోయినా. జీతం లేటయిన నెల ఉద్దెర ఇచ్చేది ఆయనే. రాత్రి పదిన్నరకు చుట్టాలు దిగితే షట్టరు సగం ఎత్తి పాల ప్యాకెట్ ఇచ్చేదీ ఆయనే. ఆయన ఉద్దెర ఖాతాకు వడ్డీ లేదు, రుసుము లేదు, జీఎస్టీ లేదు. నగదు బేరమంతా మాల్‌కు మార్చి, ఉద్దెరకు మాత్రం ఆయన దగ్గరికి వెళ్లడం నాకైతే మనసొప్పదు. మా ఇంట్లో విడి సరుకులు ఇప్పటికీ ఆయన దగ్గరే.

ఇక వడ్డీ. నేను కాల్చుకున్న చెయ్యి కాబట్టి వివరంగా చెప్తాను. 2018 దసరా నెల. నా బిల్లు 14,386 వచ్చింది. పండగ ఖర్చులతో చెయ్యి బిగుతుగా ఉండి, లెక్క సాపుగా ఉంటుందని 14,000 కట్టాను. మిగిలిన 386 వచ్చే నెల చూద్దాంలే అనుకున్నాను. వచ్చే నెల బిల్లులో వడ్డీ, దాని మీద జీఎస్టీ కలిపి 700 పైచిలుకు ఉంది. 386 బాకీకి 700 వడ్డీ ఏందని ఫోన్ చేసి గొడవ పెట్టుకున్నాను. అవతలి అమ్మాయి ఓపికగా చెప్పింది. బిల్లు మొత్తం గడువులోగా కట్టకపోతే, వడ్డీ మిగిలిన 386 మీద వేయరు. ప్రతి కొనుగోలు మీదా, కొన్న రోజు నుంచే వేస్తారు. కట్టిన 14,000కు కూడా కట్టిన రోజు దాకా వడ్డీ పడుతుంది. పైగా బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికీ గడువు ఉండదు, ఆ రోజు నుంచే మీటరు తిరుగుతుంది. ఆ నెల నాకు వచ్చిన క్యాష్‌బ్యాక్ 143 రూపాయలు. లెక్కలు రాసి బతికేవాణ్ణి నేను, అయినా ఇట్లా దొరికిపోయాను.

చాలా కార్డుల వడ్డీ నెలకు 3 నుంచి 3.75 శాతం మధ్య ఉంటుంది. మన లెక్కలో చెప్పాలంటే నూటికి మూడున్నర రూపాయల వడ్డీ. ఊళ్లో ఎవరైనా నూటికి మూడు రూపాయలు అడిగితే "రక్తం తాగుతున్నాడు" అంటాం. అదే బ్యాంకు ఏసీ గదిలో కూర్చుని అడిగితే సంతకం పెడతాం. బిల్లు మీద "కనీసం కట్టాల్సింది" అని ఒక చిన్న అంకె ఉంటుంది, ఎక్కువగా బాకీలో 5 శాతం చుట్టుపక్కల. అది కడితే ఆలస్య రుసుము తప్పుతుంది, అంతే. వడ్డీ తప్పదు. ఆ అంకె వైపు చూడకండి, అసలు లేనట్టే అనుకోండి.

దీనికి మందు ఒక్కటే. కార్డు చేతికి రాగానే "మొత్తం బాకీ" ఆటో డెబిట్ పెట్టండి, అంటే బిల్లు డబ్బు ఖాతాలోంచి దానంతటదే కట్టుకునేట్టు. ఫారంలో కనీసం, మొత్తం అని రెండు గడులుంటాయి, చాలామంది తొందరలో మొదటి దానికే టిక్ పెడతారు. మీకు జీతం నెల మొదట్లో పడుతుంది కాబట్టి గడువు తేదీ 5 నుంచి 8 మధ్య వచ్చేట్టు బిల్లు తేదీ మార్పించుకోండి. కనీసం ఒక్కసారి అట్లా మార్చుకునే వీలు బ్యాంకు ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది, కుదరదంటే ఒప్పుకోకండి. ఎప్పుడైనా గడువు మరిచిపోతే కంగారు పడకుండా గడువు దాటిన మూడు రోజుల్లోపు కట్టేయండి. మూడు రోజులు దాటాకే ఆలస్య రుసుము వేయాలి, సిబిల్‌కు చెప్పాలి. వడ్డీ మాత్రం ఆ మూడు రోజులనూ వదలదు.

మీ నాయన "మన దగ్గర కేసీసీ కార్డు ఉండె గద, ఇదీ అట్లాంటిదేనా" అన్నారని రాశారు. పొలం ఉన్న ఇళ్లన్నింట్లో వచ్చే అనుమానమే ఇది. కిసాన్ క్రెడిట్ కార్డు పంట లోను. 3 లక్షల దాకా 7 శాతం వడ్డీ, అదీ ఏడాదికి. సకాలంలో కడితే కేంద్రం 3 శాతం భరించి 4 శాతమే పడుతుంది. ఇక్కడేమో నెలకే మూడున్నర. పేరులో తప్ప పోలిక లేదు. 2024లో 2 లక్షల దాకా పంట రుణాలు మాఫీ అయ్యాయి కదా, రేపు దీనికీ అవుతుందేమో అని ఒక పెద్దాయన నన్ను నిజంగానే అడిగాడు. సర్ఫు ప్యాకెట్ల బాకీకి రుణమాఫీ ఏ ప్రభుత్వమూ ఇవ్వదు.

మా కౌంటరులో ఎన్నోసార్లు చూసిన దృశ్యం ఒకటి. "3,000 పైన కొంటే ఈ కార్డుకు 10 శాతం తగ్గింపు, గరిష్ఠంగా 300" అని బోర్డు పెట్టేవాళ్లం. ఒకావిడ బిల్లు 2,780 అయ్యేది. వెనక క్యూలో ఆరుగురు. ఆవిడ కౌంటరు పక్కన చూసేది. అక్కడ చాక్లెట్లు, డ్రైఫ్రూట్ ప్యాకెట్లు, సెంటు సీసాలు. అవి అక్కడ ఊరికే లేవు, ఆ 220 కోసమే పెట్టాం. 240 రూపాయల బాదం ప్యాకెట్ తీసి బెల్టు మీద వేసి "ఇప్పుడు వస్తదా?" అనేది. వస్తుంది. 302 తగ్గాలి, 300 తగ్గుతుంది. ఆ ఒక్కసారి ఆవిడే గెలిచినట్టు. కానీ మరుసటి నెల నుంచి 2,300 బిల్లు చేసే మనిషి 3,000 లక్ష్యం పెట్టుకుని బుట్ట నింపడం మొదలుపెట్టేది. ఆరు నెలల బిల్లులు తీసి చూస్తే ఆఫర్ లేని నెలల్లో కూడా ఆ బుట్ట చిన్నదయ్యేది కాదు. మా యజమానికి ఆఫర్ల మీద అంత ఇష్టం అందుకే. ఇంటి దగ్గర చిట్టీ రాసుకుని, అది చేత్తో పట్టుకుని వెళ్లండి. చిట్టీ బిల్లు 3,000 దాటితే ఆఫర్ వాడుకోండి, దాటకపోతే కౌంటరు పక్కకు చూడకండి.

చిన్నచిన్నవి కొన్ని త్వరగా చెప్పేస్తాను. పాయింట్లు వేరు, క్యాష్‌బ్యాక్ వేరు. పాయింటు విలువ చాలా కార్డుల్లో పావలా దాకానే, ప్రతి 150 రూపాయలకు ఇన్ని అని ఉంటే 140 బిల్లుకు సున్నా. వాటిని మార్చుకోవడానికి 99 రూపాయల రుసుము తీసుకునే బ్యాంకులూ ఉన్నాయి. మీలాంటి లెక్కకు నేరుగా బిల్లులో తగ్గే క్యాష్‌బ్యాకే నయం. వాలెట్‌లో డబ్బు వేసుకోవడం, అద్దె, పెట్రోలు, బంగారం, ఈఎంఐ, వీటికి ఎక్కువ కార్డులు క్యాష్‌బ్యాక్ ఇవ్వవు. సరుకు వాపస్ ఇస్తే ఇచ్చిన క్యాష్‌బ్యాక్ కూడా వెనక్కి లాక్కుంటారు. ఏటీఎంలో క్రెడిట్ కార్డు పెట్టి డబ్బు తీయడం మాత్రం ఎంత అవసరం వచ్చినా చేయకండి. తీసిన క్షణం నుంచే వడ్డీ, పైన రుసుము.

మీ ఆయనకు పే స్లిప్ లేదు, కార్డు ఇవ్వరేమో అన్నారు. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద ఇచ్చే కార్డులు ఉన్నాయి. డిపాజిట్‌కు వడ్డీ వస్తూనే ఉంటుంది, దాని విలువలో చాలా వరకు లిమిట్‌గా ఇస్తారు. సకాలంలో కడుతూ పోతే సిబిల్ స్కోరు కూడా తయారవుతుంది, రేపు దుకాణం పెంచడానికి లోను అడిగినప్పుడు పనికొస్తుంది. మీ కార్డు మీదే ఆయనకు యాడ్-ఆన్ కార్డు తీసుకోవచ్చు కానీ, ఆయన గీకినదానికి కూడా బాధ్యత మీదే, క్యాష్‌బ్యాక్ పరిమితి ఇద్దరికీ కలిపి ఒకటే. దుకాణం స్పేర్ పార్టులు కొనడానికి ఇంటి కార్డు వాడనివ్వకండి. ఇల్లు, దుకాణం లెక్కలు కలిసిపోతే ఏ నెల ఎవరు ఎంత తిన్నారో తేల్చలేక గొడవలవుతాయి.

కార్డు వచ్చిన వారం నుంచే ఫోన్లు మొదలవుతాయి. కార్డుకు ఇన్సూరెన్స్, ప్రొటెక్షన్ ప్లాన్ అంటారు. "ఓకే సార్" అన్న మాట కూడా అనకండి, వద్దు అని స్పష్టంగా చెప్పండి. వాట్సాప్‌లో "మీ రివార్డు పాయింట్లు ఈ రాత్రికి పోతాయి" అంటూ ఒక ఏపీకే ఫైలు, అంటే ఫోన్లో యాప్ ఎక్కించే ఫైలు, వస్తుంది. అది నొక్కితే ఫోన్లో ఓటీపీలన్నీ దొంగ చేతికి వెళ్తాయి. మీ ఆయనది సెల్‌ఫోన్ దుకాణమే కాబట్టి ఇట్లాంటి ఫోన్లు ఆయన దగ్గరికి బాగుచేయడానికి వస్తూనే ఉంటాయి, అడిగి చూడండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. బ్యాంకుతో తగాదా తెగకపోతే ముందు బ్యాంకుకు రాసి ఇవ్వండి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఫిర్యాదులు తేల్చే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ ఉంది, నంబరు 14448.

మీ స్థానంలో నేనైతే ఏం చేస్తానంటే, ఏజెంటు కార్డు తీసుకోను. ఏడాదికి 2 లక్షలు ఆ కార్డు మీద మామూలుగానే ఖర్చయ్యే ఇంటికే అది గిట్టుబాటు. మీకు నెలకు నాలుగు వేలు, ఫోన్ రీచార్జులు, పిల్లల బట్టలు కలిపినా లక్ష చేరదు. జీవితాంతం రుసుము లేని కార్డు ఒకటి తీసుకుంటాను. అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డు అట్లాంటిదే. అమెజాన్‌లో ప్రైమ్ సభ్యులకు 5 శాతం, కానివాళ్లకు 3, బయట మామూలు దుకాణాల్లో 1. ప్రైమ్ చందా ఈ రెండు శాతం కోసం కట్టకండి, సినిమాల కోసం ఇప్పటికే ఉంటే సరే. ఏ బ్యాంకుదైనా "లైఫ్‌టైం ఫ్రీ" అని ఏజెంటు నోటితో అంటే నమ్మకండి. దరఖాస్తుతో పాటు ముఖ్య వివరాలన్నీ ఒకే పేజీలో రాసి ఇవ్వాలని నిబంధన. ఆ పేజీలో వార్షిక రుసుము దగ్గర సున్నా ఉందో, "మొదటి సంవత్సరం" అని ఉందో చూడండి. శాతాలు, పరిమితులు బ్యాంకులు ఎప్పుడంటే అప్పుడు మారుస్తాయి కాబట్టి బ్యాంకు నుంచి వచ్చే మెయిలు చదవకుండా తీసేయకండి.

ఆ కార్డుతో సర్ఫు, సబ్బులు, చాయ్‌పత్తి లాంటి పదిహేను వందల సామాను ఆన్‌లైన్‌లో, కంపెనీ నూనె డబ్బా సూపర్ మార్కెట్‌లో. పప్పులు, పల్లీలు, మసాలాలు ఎప్పటిలాగే బజారులో, నగదుకు. బియ్యం, పాలు, కూరగాయల జోలికి పోనక్కర్లేదు. ఇట్లా చేస్తే మీకు ఏడాదికి వచ్చేది ఆరు వందల నుంచి వెయ్యి దాకా. పెద్ద మొత్తమేం కాదు, కానీ రుసుము లేదు కాబట్టి వచ్చింది వచ్చినట్టు మీదే. దానికోసం వారానికి పది నిమిషాలకు మించి బుర్ర పెట్టకండి.

వద్దనుకున్న రోజు కార్డు మూసేయడం కూడా సులువే. బాకీ సున్నా చేసి రాతపూర్వకంగా అడిగితే ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆపైన ప్రతి ఆలస్యపు రోజుకూ 500 చొప్పున మీకే కట్టాలి. ఆ అర్జీ కాపీ దాచుకోండి.

మొదటి స్టేట్‌మెంట్ వచ్చాక అందులో అర్థం కాని లైన్ ఏదైనా ఉంటే కార్డు నంబరు, పేరు కొట్టేసి ఫొటో పెట్టండి. సాయంత్రాలు ఖాళీగానే ఉంటాను, చూసి చెప్తాను.